పరమాణు సంఖ్య నెఱిగించిన మోస్లే

రసాయనశాల గోడకు వ్రేలాడు ఆవర్తన పట్టికను చూడని విద్యార్థి యుండడు. అందు గళ్లు గళ్లుగా మూలకముల పేర్లు వ్రాసియుండును. ప్రతి గడిలోను రెండేసి అంకెలు కానవచ్చును. ఒకటి పూర్ణసంఖ్య. రెండవదానికి తఱచుగా దశాంశముల తోక యుండును. ఇనుము గడిలో 26 అనియు 55.85 అనియు, రాగి గడిలో 29 అనియు 63.55 అనియు కనబడును. దశాంశములు గల అంకె పరమాణు భారము. నేటి పుస్తకములలో దానిని పరమాణు ద్రవ్యరాశి యని వ్రాయుచున్నారు. పూర్ణసంఖ్య పరమాణు సంఖ్య. పరమాణు భారములను నిర్ణయించుటకై ఎందఱో రసాయన శాస్త్రజ్ఞులు నూఱేండ్లపాటు త్రాసుల ముందు కూర్చుండి శ్రమించిరి. పరమాణు సంఖ్య దేనిని తెలుపునో ప్రయోగముచే నిరూపించినవాడు మాత్రము ఒక యువకుడు. ఆ పనిలో ముఖ్యభాగమును అతడు కొలది మాసములలో ముగించెను. అటుపిమ్మట రెండేండ్లయినను గడవకముందే యుద్ధభూమిలో నేలకొఱిగెను.

అతని పేరు హెన్రీ గ్విన్ జెఫ్రీస్ మోస్లే. ఇంగ్లండు దక్షిణ తీరమునందలి వేమత్ అను పట్టణమున 1887వ సంవత్సరము నవంబరు 23వ తేదీన అతడు జన్మించెను. ఇంటివారు హ్యారీ అని పిలుచుచుండిరి. శాస్త్రవిద్య ఆ యింట తాతలనాటి సొత్తు. తండ్రికి తండ్రి లండను నగరమందలి కింగ్స్ కళాశాలలో ఆచార్యుడుగా నుండి గణితమునందు పేరు గడించెను. తల్లికి తండ్రియగు జాన్ గ్విన్ జెఫ్రీస్ గవ్వలు, శంఖములు, నత్తలు మున్నగు జీవులను గూర్చి పరిశోధించిన పండితుడు. తండ్రి హెన్రీ నాటిడ్జ్ మోస్లే 1872 మొదలు 1876 వఱకు చాలెంజర్ అను నౌకలో సముద్రములను చుట్టివచ్చిన ప్రకృతి శాస్త్రజ్ఞులలో నొకడు. తరువాత అతడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్య పీఠము నలంకరించెను.

ఆ తండ్రి నీడ బాలునకు ఎక్కువ కాలము దక్కలేదు. 1891లో హ్యారీకి నాలుగేండ్లు నిండకమునుపే తండ్రి మరణించెను. తల్లి అమబెల్ బిడ్డల పెంపకమును తానే వహించెను. ఆమె మిక్కిలి బుద్ధిమంతురాలు. చదరంగమున ఆమెకు గల నేర్పు అసాధారణమైనది. 1913లో బ్రిటిషు మహిళల చదరంగపు పోటీలలో ఆమెయే విజేత. ఎత్తుకు పై యెత్తు ఆలోచించు ఆ తల్లి పెంపకమున పెరిగిన బాలునకు, ఒక పని పట్టినచో తుదిముట్టు వఱకు విడువని పట్టుదల అలవడెను.

1901లో మోస్లే విద్యార్థి వేతనము సంపాదించి ప్రసిద్ధమైన ఈటన్ పాఠశాలలో చేరెను. 1906లో ఆ పాఠశాలయందు భౌతిక రసాయన శాస్త్రములు రెండింటను బహుమతులు గైకొనెను. ఆ సంవత్సరమే ఆక్స్‌ఫర్డునందలి ట్రినిటీ కళాశాలలో ప్రవేశించెను. 1910లో పట్టము పొందెను. కాని అందఱు ఆశించినట్లు మొదటి శ్రేణి రాలేదు. రెండవ శ్రేణియే లభించెను. పరీక్షలో వచ్చిన శ్రేణి మనుష్యుని శక్తికి సరియైన కొలత కాదనుటకు ఇదియొక తార్కాణము.

ఆ యేడే అతడు మాంచెస్టరు నగరమునకు పోయి, అచ్చటి విశ్వవిద్యాలయమున రూథర్‌ఫర్డు మహాశయుని కడ చేరెను. న్యూజిలాండులో పుట్టిన రూథర్‌ఫర్డు అప్పటికే నోబెలు బహుమానము నందినవాడు. అతని ప్రయోగశాల ఆనాడు తేనెపట్టువలె నుండెను. నానా దేశముల నుండి వచ్చిన యువకులు అచ్చట రేయింబవళ్లు పనిచేయుచుండిరి. అందు జర్మను దేశస్థుడగు గైగరు ఉండెను. ఇంకను విద్యార్థిదశలో నున్న మార్స్‌డెను ఉండెను. చాడ్విక్ అను మితభాషియగు విద్యార్థియు ఉండెను. ఈ చాడ్విక్ పేరు కథాంతమున మఱల రాగలదు.

మోస్లేకు మొదట లభించినది విద్యార్థులకు ప్రయోగములు చూపి బోధించు ఉద్యోగము. బోధన ముగిసిన పిమ్మట మిగిలిన వేళలో అతడు రేడియమునుండి వెలువడు కిరణములను గూర్చి పరిశోధించెను. పని పట్టినప్పుడు అతనికి నిద్రాహారములు గుర్తుండెడివి కావు. రాత్రి మూడు గంటలకు మాంచెస్టరులో ఏ వీధిలో భోజనము దొరకునో అతనికి తెలిసినట్లు మఱి యెవరికిని తెలియదని తోడివారు తరువాతి కాలమున చెప్పుకొనిరి.

మోస్లే చేసిన పని యెట్టిదో తెలియవలెనన్నచో, దానికి పూర్వము పరమాణువుల లెక్క యెట్లుండెనో కొంత తెలిసికొనవలెను. ఒక్క పరమాణువును త్రాసులో నిడి తూచుట సాధ్యము కాదు. అయినను రెండు మూలకములు కలిసి ఒక క్రొత్త పదార్థముగా మాఱునపుడు, ఏది యెంత పాలు కలియునో తూచి చూడవచ్చును. ఆ పాళ్లనుబట్టి ఇంగ్లండు దేశస్థుడగు డాల్టను 19వ శతాబ్దారంభమున పరమాణువుల భారములను లెక్కగట్ట నారంభించెను. అన్నిటికంటె తేలికయగు ఉదజని, అనగా హైడ్రోజను, భారమును ఒకటిగా నెంచి, తక్కిన పరమాణువులు దానికి ఎన్ని రెట్లు బరువో చెప్పుట ఆచారమయ్యెను.

1869లో రష్యా దేశపు శాస్త్రజ్ఞుడగు మెండలీవు మూలకములను ఈ భారముల వరుసలో పేర్చి చూచెను. అట్లు పేర్చగా, ఒకే విధమైన గుణములు కొన్ని స్థానముల కొకమాఱు తిరిగి తిరిగి వచ్చుచుండెను. ఆవర్తన పట్టిక అట్లు పుట్టినది. ఇది గొప్ప విజయమే. కాని అందు కొన్ని చిక్కులు మిగిలిపోయెను. గుణములనుబట్టి చూడగా టెల్లూరియము ముందును అయొడిను దాని వెనుకను ఉండవలెను. భారములనుబట్టి చూడగా టెల్లూరియము 127.6, అయొడిను 126.9, వరుస తలక్రిందు. మెండలీవు గుణములనే నమ్మి, టెల్లూరియమును తూచుటలో ఎచ్చటనో పొరపాటు జరిగియుండునని తలంచెను. కాని ఎన్నిమాఱులు తూచినను అంకె మాఱలేదు. 1894లో కనుగొనబడిన ఆర్గాను వాయువు మఱియొక చిక్కు తెచ్చిపెట్టెను. దాని భారము 39.95, దాని తరువాత రావలసిన పొటాసియము భారము 39.10. కోబాల్టు, నికెలు అను లోహముల నడుమను ఇదే తగవు. కోబాల్టు 58.93, నికెలు 58.69. భారమును నమ్మినచో నికెలు ముందు; గుణములను నమ్మినచో కోబాల్టు ముందు.

ఒక తరగతిలోని బాలురను బరువు ననుసరించి వరుసగా నిలువబెట్టి, ఆ వరుసయే వారి వయస్సుల వరుస యనుకొన్నచో ఎట్లుండును? చాలవఱకు సరిపోవును. కాని ఎక్కడనో ఒకచోట చిన్నవాడు పెద్దవానికంటె బొద్దుగా నుండి లెక్క తప్పును. మూలకముల విషయమున అట్టిదే జరిగినది. వారి నిజమైన వయస్సును తెలుపు పుట్టినతేదీ పట్టీ యెచ్చట నున్నదో ఎవరికిని తెలియదు. పట్టికలో ఒకటవది, రెండవది, ఇరువదియారవది అని లెక్కించుచుండిరిగాని, ఆ వరుస సంఖ్య హాజరు పట్టీలోని సంఖ్యవంటిదే. దానికి పరమాణువుతో స్వతస్సంబంధ మున్నట్లు రుజువు లేకుండెను.

1911లో రూథర్‌ఫర్డు తన ప్రయోగములనుబట్టి పరమాణువు నడుమ అత్యల్పమైన కేంద్రకము గలదనియు, పరమాణు భారమంతయు దాదాపుగా అందే యిమిడియున్నదనియు, దానికి ధనావేశము గలదనియు ప్రకటించెను. ఆ యావేశ మెంత? పరమాణు భారములో ఇంచుమించు సగమని మాత్రమే తెలియుచుండెను. అప్పుడు హాలండు దేశమున వాన్ డెన్ బ్రూక్ అను న్యాయవాది, శాస్త్రము వృత్తి కాకున్నను దానిపై మక్కువ గలవాడు, ఒక యూహ తెలిపెను. పట్టికలో మూలకము ఎన్నవ స్థానమున నున్నదో, దాని కేంద్రకమునందు అన్ని పాళ్ల ధనావేశము ఉండునని ఆ యూహ. డెన్మార్కునుండి వచ్చి మాంచెస్టరులో కొంతకాలము పనిచేసిన నీల్స్ బోరునకు ఈ మాట యుక్తముగా తోచెను. 1913లో బోరు మఱల మాంచెస్టరునకు వచ్చినప్పుడు మోస్లేతో ఈ విషయము ముచ్చటించెను. యూహ బాగున్నది, కాని పరీక్ష యేది? కేంద్రకపు ఆవేశమును ఒక్కొక్క మూలకమునకు విడివిడిగా కొలుచు మార్గమొకటి కావలెను. ఆ పని తాను చేయుదునని మోస్లే పూనుకొనెను.

మార్గము ఎక్స్-కిరణములలో లభించెను. 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఈ కిరణములు, వేగముగా పరుగెత్తు ఎలక్ట్రానులు లోహపు ముక్కను ఢీకొన్నప్పుడు పుట్టును. ఏ మూలకమును ఢీకొన్నచో ఆ మూలకమునకే ప్రత్యేకమైన ఎక్స్-కిరణములు కొన్ని వెలువడునని బార్క్లా అను శాస్త్రజ్ఞుడు చూపియుండెను. 1912లో జర్మనీలో లావే చెప్పిన మార్గమున స్ఫటికములు ఎక్స్-కిరణములను విడదీయగలవని తేలెను. ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు ఆ విద్యను పెంపొందించిరి. మోస్లే, చార్లెస్ డార్విను మనుమడగు మఱియొక చార్లెస్ డార్వినుతో కలిసి, దీనిని అభ్యసింప దలచెను. మాంచెస్టరులో ఎక్స్-కిరణముల పని తెలిసినవారు లేనందున రూథర్‌ఫర్డు మొదట సందేహించెను. మోస్లే వదలలేదు. లీడ్సు నగరమునకు పోయి పెద్ద బ్రాగు కడ ఆ విద్య నేర్చుకొని వచ్చెను.

1913 శరత్కాలమున డార్విను వేఱు పనికి మరలగా మోస్లే ఒంటరిగా ప్రయోగము సాగించెను. ఆ పరికరము చూచినవారికి నవ్వు పుట్టింపదగినట్లుండెను. గాలి తీసివేసిన ఒక పొడవైన గాజుగొట్టము. దానిలో చిన్న పట్టాలు. పట్టాలమీద బొమ్మరైలు పెట్టెవంటి చిన్న బండి. ఆ బండిపై కాల్షియము, ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి మున్నగు వాని ముక్కలను వరుసగా అమర్చెను. బండికి రెండువైపుల చేపల గాలమునకు కట్టు పట్టుదారము కట్టి, ఆ దారమును ఇత్తడి కండెలకు చుట్టెను. కండెను త్రిప్పినచో బండి జరుగును. ఒక ముక్క తరువాత ఒక ముక్క ఎలక్ట్రానుల దెబ్బకు ఎదురుగా వచ్చి నిలుచును. ఇట్లు చేయుటవలన మూలకము మార్చినప్పుడెల్ల గొట్టమును తెఱచి మఱల గాలి తీయవలసిన శ్రమ తప్పెను. ఆ ముక్కనుండి పుట్టిన ఎక్స్-కిరణములు సన్నని చీలికగుండ వెలువడి, పొటాసియము ఫెర్రోసయనైడు అను లవణపు స్ఫటికముపై బడి, అచ్చట పరావర్తనము చెంది, ఛాయాచిత్ర ఫలకముపై గీతలుగా ముద్రపడును. గీత పడిన స్థానమునుబట్టి కిరణముల తరంగదైర్ఘ్యమును లెక్కింపవచ్చును.

ప్రతి మూలకమునకు రెండు గీతలు వచ్చెను. ఒకటి ముదురు, ఒకటి లేత. మోస్లే ఆ ఫలకములను ఒకదాని క్రింద నొకటి పేర్చెను. కాల్షియము గీతలు ఒకచోట; టైటానియము గీతలు దానికి కొంత ప్రక్కగా; వెనేడియము, క్రోమియము, మాంగనీసు, ఇనుము గీతలు క్రమముగా ఇంకను ప్రక్కకు. చూడగా చక్కగా కట్టిన మెట్లవలె నుండెను. ఇత్తడి ముక్క నుంచినప్పుడు రాగి గీతలు, జింకు గీతలు రెండును పడెను. ఇత్తడి ఆ రెంటి కలయికయే కదా. కోబాల్టు ముక్కలో రహస్యముగా కలిసియున్న ఇనుమును నికెలును సైతము ఆ ఫలకము బయటపెట్టెను. కాల్షియమునకు టైటానియమునకు నడుమ ఒక మెట్టు ఖాళీగా మిగిలెను. అది స్కాండియము మెట్టు. ఆ లోహము మోస్లే ముక్కలలో లేదు. లేనిదానిని సైతము పట్టిక చూపించినట్లయ్యెను.

అటుపిమ్మట అతడు అంకెలు వేసెను. ముదురు గీతకు సంబంధించిన కిరణముల పౌనఃపున్యము, అనగా క్షణమునకు ఎన్ని కంపనములు జరుగునో ఆ సంఖ్య, తీసికొని దాని వర్గమూలము కట్టి, దానిని ఒక స్థిరాంకముతో భాగించెను. కాల్షియమునకు వచ్చిన అంకె 19.00. ఇనుమునకు 24.99. కోబాల్టునకు 26.00. నికెలునకు 27.04. రాగికి 28.01. జింకునకు 29.01. ఒక మూలకమునుండి పై మూలకమునకు పోవునప్పుడు అంకె ఇంచుమించు సరిగా ఒకటి చొప్పున పెరుగుచుండెను. భారములు ఎగుడుదిగుడుగా నడచినను ఈ అంకె మాత్రము తడబడలేదు. ఈ అంకెకు ఒకటి కలిపినచో పట్టికలోని స్థానసంఖ్య వచ్చును. ఆ ఒకటి తగ్గుటకు కారణము, కేంద్రకమునకు దాపుననున్న ఎలక్ట్రాను దాని యావేశమును కొంత మఱుగుపఱచుటయే యని తరువాత వివరింపబడినది.

కావున పరమాణువునందు ఏదో ఒకటి మూలకమునుండి మూలకమునకు ఒక్కొక్క మెట్టు చొప్పున పెరుగుచున్నది. అది కేంద్రకముయొక్క ధనావేశము తప్ప మఱియొకటి కాజాలదని మోస్లే నిర్ణయించెను. వాన్ డెన్ బ్రూక్ ఊహ ఋజువయ్యెను. కోబాల్టు 27, నికెలు 28. భారము లేమి చెప్పినను తగవు తీఱెను. మూలకమునకు పేరు పెట్టునది దాని బరువు కాదు, దాని కేంద్రకమునందలి ఆవేశము. 26 గలది ఇనుము; ఒకటి హెచ్చినచో అది ఇనుము కాదు, కోబాల్టు. ఈ ఫలితము 1913 డిసెంబరులో ఫిలసాఫికల్ మ్యాగజైన్ అను శాస్త్ర పత్రికలో వెలువడెను. అప్పటికి మోస్లే వయస్సు ఇరువదియాఱేండ్లు.

ఆ సంవత్సరాంతమున అతడు మాంచెస్టరు విడిచి ఆక్స్‌ఫర్డునకు వచ్చెను. అచ్చట జీతము లేదు. ఒక ప్రయోగశాలలో పనిచేసికొనుటకు చోటు మాత్రము దొరికెను. అల్యూమినియము మొదలు బంగారము వఱకు దొరికిన మూలకముల నన్నిటిని పరీక్షించి, 1914 ఏప్రిలులో రెండవ వ్యాసము ప్రకటించెను. అల్యూమినియమునకు 13, బంగారమునకు 79 నిలిచెను. నడుమ 43, 61, 75 సంఖ్యలు గల మూలకములు ఇంకను మానవుని చేతికి చిక్కవలసియున్నవని అతడు తేల్చి చెప్పెను. అంతకుముందు ఇంకెన్ని మూలకములు దొరకవలసియున్నవో చెప్పగలవాడు లేడు. ఒక యూరిలో ఎన్ని గడపలున్నవో తెలియక జనాభా లెక్క వ్రాయువానివంటిది ఆనాటి రసాయన శాస్త్రము. మోస్లే గడపలకు సంఖ్యలు వ్రాసెను. ఖాళీ యిండ్లు తమంతట తామే కనబడెను.

ఈ పద్ధతి యెంత శక్తిమంతమో ఒక సంఘటన తెలుపును. విరళ మృత్తికలనెడు మూలకములు ఒకదానితో నొకటి అన్నదమ్ములవలె పోలియుండి, విడదీయుట మిక్కిలి కష్టము. ఫ్రాన్సు దేశపు ఉర్బెయిన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు వానిని కరగించుచు, స్ఫటికములుగా చేయుచు, మఱల కరగించుచు ఎన్నో యేండ్లు గడపెను. అందు సెల్టియము అను క్రొత్త మూలకమును తాను కనుగొంటినని 1911లో ప్రకటించియుండెను. 1914లో అతడు తన నమూనాలను తీసికొని స్వయముగా ఆక్స్‌ఫర్డునకు వచ్చెను. మోస్లే కొలది దినములలో వానియందు ఏ మూలకములున్నవో విప్పి చెప్పెను. అన్నియు తెలిసినవే, క్రొత్తది లేదు. ఉర్బెయిన్ కెంత ఆశాభంగమైనదో యూహింపవచ్చును. అయినను ఆ పెద్దమనిషి యువకుని ప్రజ్ఞను మెచ్చుకొనకుండ నుండలేదు.

ఆ వేసవిలో బ్రిటిషు శాస్త్రజ్ఞుల మహాసభ ఆస్ట్రేలియాలో ఏర్పాటు కాగా, మోస్లే తల్లితో కూడ ఓడనెక్కెను. ప్రయాణము ముగియకముందే, 1914 ఆగస్టు 4వ తేదీన, బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. సభలో పరమాణు నిర్మాణమును గూర్చి జరిగిన చర్చయందు మోస్లే పాల్గొనెను. కాని అతని మనస్సు ఇంటిపై నుండెను. తిరిగివచ్చిన వెంటనే సైన్యమున చేరుటకు యత్నించెను. ఇంట నుండి శాస్త్రపరిశోధన సాగించుటయే దేశమునకు మేలని బంధువులును మిత్రులును చెప్పి చూచిరి. అతడు వినలేదు. తోడి యువకులు పోరుచుండగా తాను ప్రయోగశాలలో నుండుట ధర్మము కాదని అతని పట్టు. ఆ పట్టుదలయే మూలకముల చిక్కు విప్పినది. ఆ పట్టుదలయే అతనిని ప్రయోగశాలనుండి కొనిపోయినది. రాయల్ ఇంజనీర్ల దళమున అతనికి అధికారి పదవి లభించెను. టెలిఫోను తీగలు వేయించుట, వార్తలు పంపుట అతని పని.

1915 జూన్ మాసమున అతని దళమును తుర్కీ దేశమునందలి గలిపోలీ ద్వీపకల్పమునకు పంపిరి. మండుటెండలు, ఈగలు, నీటి కఱవు, విరేచనముల వ్యాధి, కొండలపైనుండి శత్రువుల తుపాకులు: ఆ తీరము ఎందఱినో పొట్టబెట్టుకొనెను. జూన్ చివర మోస్లే తన మరణశాసనము వ్రాసెను. తన యాస్తి నంతటిని శాస్త్ర పరిశోధనకై వినియోగించుటకు రాయల్ సొసైటీకి చెందునట్లు అందు వ్రాసెను. ఆగస్టు మొదటివారమున చునుక్ బయిర్ అను శిఖరమును పట్టుకొనుటకు పెద్దపోరు సాగెను. మన దేశపు సైన్యమునకు చెందిన గూర్ఖా దళములును ఆ కొండలపై పోరాడెను. ఆగస్టు 10వ తేదీ తెల్లవారుజామున ముస్తఫా కెమాల్ నాయకత్వమున తుర్కీ సైనికులు కొండపైనుండి వెల్లువవలె దిగిరి. మోస్లే టెలిఫోనులో ఒక యుత్తరువును పంపుచుండగా శత్రువు గుండు అతని తలను తాకెను. అతడు అచ్చటనే మరణించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంకను మూడు మాసములు మిగిలియుండెను.

ఈ వార్త శాస్త్రలోకమును కలచివైచెను. అట్టివానిని కందకములకు పంపుట దేశము తన సంపదను తానే పాడుచేసికొనుట యని రూథర్‌ఫర్డు నేచర్ పత్రికలో వ్రాసిన వ్యాసమున బాధపడెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అయితే ఆ దినమున ఆ కొండపై చనిపోయిన వేలాదిమందిలో ఎవరి బిడ్డ యెవరికి తక్కువ? ఇరుపక్షములందును తల్లులుండిరి. ఈ ప్రశ్నకు శాస్త్రము సమాధానము చెప్పలేదు. 1915లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ నోబెలు బహుమానమునకు మోస్లే పేరును సూచించియుండెను. మరణించినవారికి ఆ బహుమానము కొఱకు క్రొత్తగా పరిశీలన జరుగదు గనుక ఆ పేరు అంతటితో నిలిచిపోయెను. ఎక్స్-కిరణముల మార్గముననే పనిచేసిన సీగ్‌బానునకు 1924వ సంవత్సరపు భౌతిక శాస్త్ర బహుమానము లభించెను.

మోస్లే చిన్న అంకెకు అర్థము చెప్పెను. రెండవ యంకె చిక్కు ఇంకను మిగిలియుండెను. కోబాల్టునకు ఆవేశము తక్కువైనను బరువు హెచ్చుగా నుండనేల? దీనికి సమాధానము చెప్పినవాడు మాంచెస్టరు ప్రయోగశాలలో మోస్లే కాలమున నున్న విద్యార్థియే. యుద్ధము వచ్చినప్పుడు చాడ్విక్ బెర్లిను నగరమున చదువుచుండెను. శత్రుదేశస్థుడని జర్మనులు అతనిని నాలుగేండ్లు శిబిరములో నిర్బంధించిరి. అతడు బ్రదికి బయటపడి, 1932లో న్యూట్రానును కనుగొనెను. కేంద్రకమునందు ధనావేశము గల ప్రోటానులు, ఆవేశము లేని న్యూట్రానులు రెండు విధములైన కణములు గలవు. ప్రోటానుల సంఖ్యయే పరమాణు సంఖ్య. ప్రోటానులును న్యూట్రానులును కలిసి ఇంచుమించుగా పరమాణు ద్రవ్యరాశి. ఒకే మూలకమునందు న్యూట్రానులు కొన్నింటిలో తక్కువగాను కొన్నింటిలో ఎక్కువగాను ఉండవచ్చును; అట్టి భేదములను ఐసోటోపు లందురు. ప్రకృతిలో దొరకు క్లోరినులో 35 ద్రవ్యరాశి గలవియు 37 గలవియు కలిసియున్నవి; అందుచేతనే సరాసరి 35.45 వచ్చును. దశాంశముల తోక అట్లు వచ్చినది.

ఇప్పుడు పాత తగవులు పరికించినచో అన్నియు తేటపడును. కోబాల్టునందు 27 ప్రోటానులు, 32 న్యూట్రానులు, మొత్తము 59. నికెలులో ఎక్కువ భాగమునందు 28 ప్రోటానులే యున్నను న్యూట్రానులు 30 మాత్రమే, మొత్తము 58. ఆర్గాను పరమాణువులలో దాదాపు అన్నియు 18 ప్రోటానులు, 22 న్యూట్రానులు కలవి. పొటాసియములో ఎక్కువ భాగము 19 ప్రోటానులు, 20 న్యూట్రానులు కలవి. తరగతిలోని బొద్దుబాలుడు న్యూట్రానుల వలన బొద్దుగా నుండెను. వయస్సు వలన గాదు.

మోస్లే చూపిన ఖాళీ గడపలు ఒక్కొక్కటిగా నిండెను. ఉర్బెయిన్ ఆశపడిన 72వ స్థానమున హాఫ్నియమును, మోస్లే మార్గమైన ఎక్స్-కిరణముల సాయముననే, 1923లో కోపెన్‌హాగనులో కోస్టరు, హెవెసీ అనువారు కనుగొనిరి. 75వదియగు రీనియము 1925లో జర్మనీలో దొరికెను. 43వదానిని టెక్నీషియము అందురు. అది 1937లో ఇటలీలో బయటపడెను. అన్నిటికంటె ఆలస్యముగా, 1945లో, మఱియొక ప్రపంచయుద్ధము ముగియు వేళ, 61వదియగు ప్రొమీథియము అమెరికాలో దొరికెను. మోస్లే బ్రదికియుండినచో అప్పటికి అతనికి ఏబదియేడేండ్లు.

అతని దేహము ఎచ్చట నున్నదో ఎవరును గుర్తింపలేకపోయిరి. గలిపోలీ దక్షిణాగ్రమున సముద్రమునకు ఎదురుగా హెల్లెస్ స్మారకమను పెద్దకట్టడ మొకటి కలదు. సమాధి తెలియని 20,000కు పైగా సైనికుల పేర్లు దాని రాళ్లపై చెక్కియున్నవి. రాయల్ ఇంజనీర్ల వరుసలో మోస్లే పేరును అందున్నది.